'మేదియా వీతా' పాడితే ఇంట్లో చావు వస్తుందా?

'మేదియా వీతా' ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో (ఉపవాస దినాల్లో) పాడే పాత లాటిన్ భక్తిగీతం. ఆ కాలం వచ్చిందంటే మా చర్చి గాయక బృందంలో ఈ ప్రశ్న తప్పదు. ఈసారి టెనర్ పాడే కుర్రాడు అడిగాడు. వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్నారు. "మాస్టారూ, ఈ ఒక్క పాటకీ నన్ను వదిలేయండి. శాపం పాటంట, కతోలిక శ్రీసభే నిషేధించిందంట." వాట్సాప్‌లో వచ్చిందట. పంపినవాడికి లాటిన్ ఒక్క ముక్క వస్తే ఒట్టు.

అపోహ: ఇది చావును పిలిచే పాట, అందుకే నిషేధించారు.

1316లో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన చర్చి ప్రాంతీయ సభ ఒక ఆజ్ఞ ఇచ్చిన మాట నిజమే. అందులో ఏముంది? బిషప్ ప్రత్యేక అనుమతి లేకుండా ఈ పాటను ఎవరి మీదా ప్రయోగించి పాడకూడదని. పగవాణ్ని తలుచుకుని పాడితే వాడు పోతాడని అప్పట్లో కొందరి నమ్మకం. ఆ పిచ్చికి వేసిన కళ్లెం అది, పాటకు కాదు. (అనుమతి ఉంటే ప్రయోగించొచ్చా అని అడక్కండి, ఆ ముక్క నాకూ మింగుడు పడదు.)

అసలు మాటలు చూడండి. "బతుకు నడుమనే చావులో ఉన్నాం. ప్రభూ, నువ్వు తప్ప మాకు దిక్కెవరు?" అని మొదలవుతుంది. "చేదు చావుకు మమ్మల్ని అప్పగించకు" అని వేడుకుంటుంది. అప్పగించకు అని ఏడ్చే పాట చావును పిలవడమేమిటి? చరణం 22వ కీర్తనలోది: మా పితరులు నిన్నే నమ్ముకున్నారు, నమ్మినవాళ్లను నువ్వు విడిపించావు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు పాడుకోవాల్సిన పాటే ఇది. పుకారు వల్ల సరిగ్గా వాళ్లే దీనికి దూరమవుతున్నారు. నాకు కోపం అక్కడే.

మిగతావి గబగబా. స్విట్జర్లాండులోని సాంక్ట్ గాలెన్ మఠం సన్యాసి నోట్కర్ లోయ మీద వంతెన కట్టే కూలీలను చూసి రాశాడంటారు. ఆయన 912లో పోయారు, ఆ కథ కాగితం మీదికెక్కింది కొన్ని వందల ఏళ్ల తర్వాత. మొదటి వాక్యం బైబిల్లోది కాదు. 1549 ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) ప్రార్థన పుస్తకం దాన్ని సమాధి దగ్గర చదివించింది. అంతకుముందు ఇంగ్లండులోనే తపస్కాలం రాత్రి ప్రార్థనలో లూకా సువార్తలోని సిమియోను గీతంతో కలిపి పాడేవారు. ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1524లో జర్మన్‌లోకి తెచ్చుకున్నాడు. 'మేదియా' అంటే నడుమ, టీవీ మీడియా కాదు.

దొమినికన్లు అనే కతోలిక సన్యాసుల సంఘంవాళ్లు పాడే చరణం ఇంకొకటుంది: "ముసలితనంలో మమ్మల్ని తోసేయకు, సత్తువ ఉడిగినప్పుడు వదిలేయకు." రాత్రి ప్రార్థనలో అది వచ్చినప్పుడల్లా పునీత థామస్ అక్వినాస్ కళ్లనీళ్లు పెట్టుకునేవారని ఆయన జీవిత చరిత్ర చెబుతుంది. అంతటి పండితుడు! నాకైతే అక్కడ మా అమ్మమ్మ గుర్తొస్తుంది. చివరి ఏడాది మంచం వరండాలో వేశాం. సందె చీకటి పడితే చాలు, అటుగా పోయే ప్రతి మనిషినీ "ఉన్నావా?" అని పిలిచేది. ఉన్నానంటే సరే, ఇంక ఏమీ అడిగేది కాదు.

ఇదంతా విన్న కుర్రాడు కాసేపు నోట్స్ కాగితం మడుస్తూ కూర్చున్నాడు.

"అయితే నాన్న దగ్గర పాడొచ్చా మాస్టారూ?"

"పాడు. కాస్త గొంతు తగ్గించి. పక్క మంచాలవాళ్లు నిద్రపోతుంటారు."