డాక్టర్ బాబు చేయించని టెస్టు

సీరియళ్లలో ఆడవాళ్లను చూపిస్తున్న తీరు మీద మళ్లీ గొడవ రేగింది. సినిమాకున్నట్టే వీటికీ సెన్సార్ పెట్టాలని కొందరు, నచ్చకపోతే రిమోట్ మీ చేతిలోనే ఉందిగా అని ఇంకొందరు. ఋతురాగాలు, చక్రవాకం లాంటి పాత సీరియళ్ల రోజుల సంగతి అందరికీ తెలిసిందే. ఇప్పటి తగువుకు మూలం 2017 అక్టోబరులో ఉంది.

స్టార్ మాలో కార్తీకదీపం మొదలైంది అప్పుడే. మలయాళ సీరియల్‌కి రీమేక్. నల్లగా పుట్టినందుకు మాటలు పడే దీప కథ. రెండు భాషల్లోనూ ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్‌ది అసలు ఆ రంగే కాదు. మేకప్‌తో నల్లబరిచి నిలబెట్టారు. రంగు వివక్ష మీద తీసే కథకు నల్లటి అమ్మాయి దొరకలేదన్నమాట!

జనాన్ని కట్టిపడేసింది మాత్రం ఆ తర్వాతొచ్చిన అనుమానం. భర్త కార్తీక్ డాక్టర్. తనకు పిల్లలు పుట్టరని, తన మీద కన్నేసిన మోనిత చేసిన మాయను నమ్మి, భార్య కడుపులో బిడ్డ తనది కాదని తేల్చేశాడు. ‘డాక్టర్ బాబూ, ఒక్క డీఎన్ఏ టెస్టు చేయించుకోవచ్చుగా?’ అని ప్రేక్షకులు మీమ్స్ వేసి మరీ అడిగారు. చేయిస్తే కథ అయిపోతుంది. అందుకే ఏళ్ల తరబడి శీలం రుజువు చేసుకునే భారం దీప నెత్తినే పడింది. రేటింగులు మాత్రం ఆకాశంలో.

ఆ కిటుకు మిగతావాళ్లూ పట్టేశారు. గురువారం రేటింగులు చూసి కథ మలుపు తిరుగుతుంది. హైదరాబాద్ సెట్లలో సీన్ పేపర్ చాలాసార్లు ఆ పొద్దున్నే చేతికొస్తుంది. పక్కనుంచి ప్రాంప్టింగ్ వింటూ డైలాగ్ చెప్పేయాలి. ‘ఈవిడ ఇంత ఎందుకు పడాలి?’ అని అడిగే తీరిక ఎవరికి?

చూసేది ఆడవాళ్లేనంటాయి ఛానళ్లు. వంటలక్కగా పేరుపడ్డ దీప సొంత కష్టంతో బిడ్డను పెంచిందని, 2020లో వచ్చిన ఇంటింటి గృహలక్ష్మిలో తులసి విడాకుల తర్వాత నిలదొక్కుకుందని గుర్తుచేస్తాయి. నిజమే. కానీ విలన్లెవరో చూడండి: మోనిత డాక్టర్, గృహలక్ష్మిలో తులసి కాపురంలో చిచ్చుపెట్టిన లాస్య ఉద్యోగస్తురాలు.

ఇక నిబంధనలు. సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ సినిమాలకే. సీరియల్ మీద ఫిర్యాదు ప్రసారమయ్యాకే. కేబుల్ టీవీ నిబంధనల్లోని ప్రోగ్రామ్ కోడ్ స్త్రీని కించపరచకూడదంటుంది గానీ, ఆ మాట ఆమె రూపం, శరీరం చూపించే తీరు గురించి. దీప నిండుగా చీర కట్టుకునే ఉంది మరి. 2021లో వచ్చిన మూడంచెల పద్ధతిలో మొదటి ఫిర్యాదు ఛానల్‌కే వెళ్లాలి, అది 15 రోజుల్లో తేల్చాలి. ఆలోగా ఇంకో డజను ఎపిసోడ్లు ప్రసారమైపోతాయి.