మోనోరెపోలో మాడ్యూళ్లు: అపోహలు - వాస్తవాలు

జావా, కోట్లిన్ ప్రాజెక్టుల బిల్డ్ (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేయడం) చూసుకోవడం నా రోజువారీ పని. పదుల కొద్దీ బృందాలు ఒకే రెపోలో (కోడ్ దాచే చోటులో) పనిచేసే చోట, అంటే మోనోరెపోలో, కొన్ని నమ్మకాలు ఎంత చెప్పినా వదలడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కోడ్‌ను ఎన్ని మాడ్యూళ్లుగా (విడివిడి భాగాలుగా) విడదీస్తే బిల్డ్ అంత త్వరగా పూర్తవుతుంది.

వాస్తవం: ఏ మాడ్యూల్ దేని మీద ఆధారపడిందన్నదే వేగాన్ని తేలుస్తుంది. నేను పనిచేసిన ఒక రెపోలో వందకు పైగా మాడ్యూళ్లు ఉండేవి. కానీ తేదీల ఫార్మాటు, లాగింగ్, నెట్‌వర్క్ కోడ్, చివరికి బటన్ రంగులు కూడా ‘కామన్’ అనే ఒక్కదాంట్లో కుక్కారు. తేదీ ఫంక్షన్‌కు ఒక పారామీటర్ చేర్చితే, దానితో ఏ సంబంధమూ లేని పేమెంట్ల మాడ్యూల్ సైతం మళ్లీ కంపైల్‌కు (కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చడానికి) వెళ్లేది. ‘కామన్’ను పనిని బట్టి విడగొట్టేదాకా మాకు ఊరట దొరకలేదు.

ఇక్కడే గ్రేడిల్ అనే బిల్డ్ సాధనం ఫైల్‌లోని ఒక మాట గురించి చెప్పాలి. ఒక డిపెండెన్సీని (మన మాడ్యూల్ ఆధారపడే కోడ్‌ను) ‘ఇంప్లిమెంటేషన్’ అని రాస్తే కంపైల్ సమయంలో అది మన గడప దాటదు. ‘ఏపీఐ’ అని రాస్తే మనల్ని వాడుకునే మాడ్యూళ్లకూ కనిపిస్తుంది. దాని పబ్లిక్ రూపం మారినప్పుడల్లా వాటికీ కంపైల్ తప్పదు. పాత ‘కంపైల్’ అనే మాటను 2021లో వచ్చిన గ్రేడిల్ 7 తీసేసినప్పుడు, నేను చూసిన కొన్ని బృందాలు అన్నిచోట్లా ‘ఏపీఐ’ అని మార్చి ఊరుకున్నాయి. ఎర్రర్లు పోయాయి, జాప్యం మాత్రం అలాగే ఉండిపోయింది. మొదట ‘ఇంప్లిమెంటేషన్’ రాయండి. మన పబ్లిక్ ఫంక్షన్ తీసుకునే, తిరిగిచ్చే విలువల్లోనో, మన పబ్లిక్ క్లాసుకు మాతృకగానో ఆ లైబ్రరీ టైప్ కనిపిస్తేనే ‘ఏపీఐ’కి మార్చండి.

అపోహ: రెపో అందరిదీ కాబట్టి ఎవరి కోడ్‌నైనా వాడుకోవచ్చు.

వాస్తవం: చదవడం వేరు, ఆధారపడడం వేరు. గూగుల్ 2015లో ఓపెన్ సోర్స్ చేసిన బేజెల్ అనే బిల్డ్ సాధనంలో, విజిబిలిటీ (ఎవరు వాడవచ్చో చెప్పే లైను) ఏమీ రాయకపోతే టార్గెట్ (బిల్డ్ చేసే ఒక్కో భాగం) తన ప్యాకేజీలో, అంటే తన ఫోల్డర్‌లో, వారికే అందుతుంది. బయటివారు వాడబోయి ఎర్రర్ రాగానే ఆ టార్గెట్‌ను ‘పబ్లిక్’ చేసేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరెవరు వాడుతున్నారో తెలియక, ఆ కోడ్ యజమానులు ఒక క్లాసు పేరు మార్చడానికి కూడా జంకాల్సి వస్తుంది. విజిబిలిటీలో అడిగిన బృందం ప్యాకేజీ ఒక్కటే చేర్చండి.

అపోహ: రెపో పెద్దదైతే ప్రతి మార్పుకూ మొత్తం బిల్డ్ చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. 2015 జనవరి నాటికే గూగుల్ రెపోలో దాదాపు 200 కోట్ల లైన్ల కోడ్ ఉంది. మార్పు తగిలిన మాడ్యూళ్లను, వాటి మీద ఆధారపడిన వాటిని బిల్డ్ చేస్తే చాలు. మేవెన్ అనే మరో బిల్డ్ సాధనంలో పీఎల్ (-pl) ఆప్షన్‌తో మాడ్యూల్ పేరిచ్చి ఏఎండీ (-amd) ఆప్షన్ జోడిస్తే జరిగేది ఇదే.

అపోహ: బిల్డ్ తేడా చేస్తే ‘క్లీన్’ (పాత బిల్డ్ ఫలితాలను చెరిపేసే ఆదేశం) నడిపితే సరి.

వాస్తవం: క్లీన్‌తో లక్షణం పోతుంది, జబ్బు పోదు. మా దగ్గర రెండు రోజులు వెతికితే అసలు కారణం దొరికింది. కోడ్ తయారుచేసే ఒక టాస్క్ పక్క ఫోల్డర్‌లోని స్కీమా ఫైల్‌ను (డేటా ఎలా ఉండాలో చెప్పే ఫైల్‌ను) చదువుతోంది, కానీ దాన్ని తన ఇన్‌పుట్‌గా ప్రకటించలేదు. స్కీమా మారినా గ్రేడిల్ పాత కోడ్‌నే అందించేది. ఆ ప్రకటన ఒక్క లైను. అది చేర్చిన తర్వాత ఆ మాడ్యూల్ కోసం ఎవరూ క్లీన్ నడపలేదు.