2013 ఆగస్టు 16న రూపాయి పడింది పావలా కూడా కాదు

2025 డిసెంబరు 3న డాలరు 90 రూపాయలు దాటడంతో పాత గొడవ మళ్లీ మొదలైంది. రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మి రూపాయిని నిలబెట్టాలని ఒక వర్గం, దాని మానాన దాన్ని వదిలేయాలని ఇంకో వర్గం. చమురు బిల్లు పెరుగుతుందన్న మొదటివాళ్ల బాధ నిజమే. కానీ రూపాయి జారితే షేర్లు కూలతాయంటూ వాళ్లు 2013ను సాక్ష్యానికి పిలుస్తారు. ఆ సాక్ష్యమే కాస్త అటూఇటూగా ఉంది.

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తానన్న కబురుతో ఆ ఏడాది మే నుంచి డాలర్లు వెనక్కి మళ్లిన సంగతి తెలిసిందే. మలుపు వచ్చింది మాత్రం ఆగస్టు 14న. దేశంలో ఉన్న మనిషి ఏడాదికి బయటికి పంపుకోగలిగే సొమ్మును రిజర్వు బ్యాంకు 2 లక్షల డాలర్ల నుంచి 75 వేలకు తగ్గించింది. కంపెనీల విదేశీ పెట్టుబడులకూ కోత పెట్టింది. మర్నాడు జెండా పండగ, సెలవు. 16న మార్కెట్ తెరుచుకున్నాక అమ్మకాలే అమ్మకాలు. సెన్సెక్స్ 769 పాయింట్లు, అంటే దాదాపు 4 శాతం పోయింది. మధ్యలో 62 తాకిన డాలరు చివరికి 61.65 దగ్గర ఆగింది. 14న అది 61.43. అంటే రూపాయి పడింది 22 పైసలే; షేర్లను పడగొట్టింది ఆంక్షల భయం.

రేటు వల్ల విదేశీ మదుపరికి నష్టం లేదని కాదు. డాలరు 55 ఉన్నప్పుడు వెయ్యి డాలర్లు తెచ్చినవాడు, షేరు ధర కదలకపోయినా, 68 దగ్గర వెళ్తే 809 డాలర్లే పట్టుకెళ్తాడు. ఆ రిస్కు తెలిసే వస్తాడు. ఇవాళ ఇక్కడివాళ్లకు వేసిన గడియ రేపు తనకూ వేస్తారేమోనన్న టెన్షన్‌ను మాత్రం ఏ లెక్కలోనూ వేసుకుని రాడు. అలాంటి ఆంక్షలేవీ ఉండవని ప్రభుత్వం చెప్పినా అమ్మకాలు ఆగలేదు. 28న డాలరు 68 కూడా దాటింది.

సెప్టెంబరు 4న గవర్నరుగా వచ్చిన రఘురామ్ రాజన్ తలుపును రెండో వైపు తెరిచారు. ఎన్నారైల డాలర్ డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఏడాదికి 3.5 శాతం ఖర్చుకే రూపాయల్లోకి మార్చుకునే వీలు కల్పించారు. విదేశాల్లో బ్యాంకులు అప్పులిచ్చి మరీ డిపాజిట్లు చేయించాయి. బ్యాంకుల విదేశీ రుణాలతో కలిపి వచ్చింది సుమారు 3,400 కోట్ల డాలర్లు. ఫెడ్ తన నిర్ణయాన్ని వాయిదా వేయడమూ కలిసొచ్చింది.

ఈసారి డాలరు 90 దాటడానికి రెండు రోజుల ముందే సెన్సెక్స్ 86,000 పైన కొత్త రికార్డు తాకింది. అప్పుడు విదేశీయులు అమ్ముతుంటే, ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు కొన్నాయి. ఒక్క 2025 అక్టోబరులోనే సిప్‌ల (ఫండ్లలో నెలనెలా పెట్టే మదుపు) ద్వారా దాదాపు 29,500 కోట్ల రూపాయలు వచ్చాయి.