డోటానా, పంజరమా? కాపర్-64 వాదం వెనక ఉన్న లివర్ లెక్క

కాపర్-64 అంటే రేడియోధార్మిక రాగి. దానితో పెట్ స్కాన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను చూపించే రెండు మందులు మూడో దశ పరీక్షల దాకా వచ్చాయి. దాంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది: ఈ రేడియోధార్మిక లోహాన్ని ఒంట్లో కదలకుండా పట్టి ఉంచేది ఏది? ఆ పని చేసే అణువునే కీలేటర్ అంటారు. క్యూరియం సంస్థ మందులో ఉన్నది డోటా కుటుంబపు కీలేటర్. ఆస్ట్రేలియా సంస్థ క్లారిటీ వాడేది సార్కోఫజైన్ అనే పంజరం లాంటి అణువు.

డోటా 1970ల నాటిది. ఎంఆర్ఐ మందుల్లో గాడోలినియంతో, పెట్ స్కాన్లలో గాలియంతో బాగా పనిచేసింది కాబట్టి కాపర్‌కీ అదే వాడారు. గాజు పాత్రలో కొలిస్తే స్థిరత్వపు అంకె చాలా గొప్పగా ఉంటుంది. చాలాకాలం అందరూ ఆ అంకెనే నమ్మారు.

నమ్మకం చెదిరింది అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో. డోటాకి దగ్గరి చుట్టమైన టెటాతో కట్టిన కాపర్-64ను ఎలుకలకు ఇచ్చి, తర్వాత లివర్‌లో వెతికితే, లోహంలో ఎక్కువ భాగం టెటా దగ్గర లేదు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ప్రోటీన్‌కి చేరిపోయింది. కరోలిన్ ఆండర్సన్ బృందం ఈ సంగతి 2000లో ప్రచురించింది. ఒంట్లో కాపర్ కోసం కాచుకుని ఉండే ప్రోటీన్లు చాలా ఉన్నాయి. అందుకే ఎంత గట్టిగా పట్టుకుందన్నదే కాదు, ఎంత నెమ్మదిగా వదులుతుందన్నదీ లెక్కలోకి రావాలి.

నా దృష్టిలో ఇప్పటి గొడవ మొత్తాన్నీ వివరించేది 2004 నాటి ప్రయోగం. న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీలో గ్యారీ వైస్‌మన్, ఎడ్వర్డ్ వాంగ్ కీలేటర్ వలయానికి అడ్డంగా ఒక వంతెన కట్టి సీబీ-టీఈ2ఏ అనే అణువును తయారుచేశారు. దాన్ని ఎలుకల్లో పాతవాటితో పోల్చారు. నాలుగు గంటల తర్వాత లివర్‌లో ఉన్న కాపర్‌లో ప్రోటీన్లకు అంటుకుపోయిన వాటా టెటాతో సుమారు 75 శాతం, డోటాతో 90 శాతం, కొత్తదానితో 13 శాతం. మరుగుకు దగ్గరపడ్డ గాఢ ఆమ్లంలో వేస్తే డోటా సంయోగంలో సగం మూడు నిమిషాల్లోపే విడిపోయింది. వంతెన ఉన్నదానికి అదే 154 గంటలు పట్టింది.

ఇంత తేడా కనిపించాక కూడా డోటా ఎందుకు నిలబడింది? సీబీ-టీఈ2ఏలో కాపర్ ఎక్కించాలంటే 95 డిగ్రీల దగ్గర వేడి చేయాలి. కణితిని వెతికిపట్టడానికి కీలేటర్‌కి తగిలించే యాంటీబాడీలు ఆ వేడికి తట్టుకోవు. ఇక్కడే కాన్‌బెరాలో అలన్ సార్జెసన్ ఎప్పుడో కట్టిన పంజరాలు పనికొచ్చాయి. సార్కోఫజైన్ గది ఉష్ణోగ్రతలోనే కాపర్‌ను లోపలికి తీసుకుంటుంది, సులభంగా వదలదు. మెల్‌బోర్న్‌లో పాల్ డోనెల్లీ బృందం దాన్ని కణితికి అతుక్కునే పెప్టైడ్లకు, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలకు, తగిలించింది. సార్టేట్ అనే ఆ మందును రోగులకు ఇచ్చి మర్నాడు కూడా స్కాన్ తీశారు. అప్పటికి లివర్ తేటపడి కణితి ఇంకా స్పష్టంగా కనిపించింది.

డోటా వైపు వాళ్ల జవాబూ ఉంది. డోటాతోనే తయారైన కాపర్-64 స్కాన్ మందు డిటెక్ట్‌నెట్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చిన 45 నుంచి 90 నిమిషాల్లో స్కాన్ అయిపోతుంది, ఆ కాస్త వ్యవధిలో జారే కాపర్ వల్ల రోగనిర్ధారణ దెబ్బతినలేదని వాళ్లంటారు. అది నిజమే. పైగా క్లారిటీ మందులో ప్రోస్టేట్ క్యాన్సర్ కణాన్ని పట్టుకునే భాగాలు రెండు ఉంటాయి కాబట్టి, బొమ్మ బాగా వస్తే ఆ ఘనత అంతా పంజరానిదే అనలేం.

కానీ గంటలో ముగిసే స్కాన్‌కి గాలియం-68 ఉండనే ఉంది. కాపర్-64 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే సమయం, 12.7 గంటలు. దూరపు ఊళ్లకు పంపడం, మర్నాడు మళ్లీ చూడటం దాని అసలు బలం. మొదటిదానికి డోటా చాలు, రెండోదానికి చాలదు. ఇదే వరుసలో చికిత్స కోసం కాపర్-67 వస్తోంది. దాని అర్ధాయువు దాదాపు 62 గంటలు. అన్ని గంటలూ కాపర్ జారుతూ ఉంటే ఆ రేడియేషన్ పడేది కణితి మీద కాదు, లివర్ మీద. కాబట్టి రెండు సంస్థలూ గంట తర్వాతి బొమ్మలే కాకుండా 24 గంటల తర్వాతి లివర్ అంకెలు కూడా పక్కపక్కన బయటపెట్టాలి.