క్రోక్ పార్క్ మ్యూజియం: అపోహలు - వాస్తవాలు

డబ్లిన్‌కు వచ్చే తెలుగు కుటుంబాలను, విద్యార్థులను వెంట తీసుకువెళ్లి నగరం చూపించడం నా వృత్తి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు క్రోక్ పార్క్ స్టేడియంలోని జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్) మ్యూజియం. హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్, కమోగీ (మహిళలు ఆడే హర్లింగ్) వంటి ఐర్లండ్ సంప్రదాయ క్రీడల కోసం ఇది 1998లో ప్రారంభమైంది. కొన్ని తప్పు అభిప్రాయాలతో లోపలికి వెళ్లినవారు అసలు చూడవలసినవి చూడకుండానే బయటికి వస్తున్నారన్న బాధతో ఇది రాస్తున్నాను.

అపోహ: హర్లింగ్ అంటే మన హాకీ లాంటిదే.

వాస్తవం: కర్ర, బంతి ఉండడం తప్ప పోలిక తక్కువ. గాలిలో వచ్చే బంతిని హర్లింగ్‌లో చేత్తో అందుకోవచ్చు. అయితే చేతిలో ఉంచుకుని నాలుగు అడుగులకు మించి వేయకూడదు. నేల మీదున్న బంతిని మాత్రం చేత్తో తీయకూడదు, కర్రతోనే లేపాలి. మ్యూజియంలోని ఆటల విభాగంలో ఈ తేడా ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. హర్లీ అనే ఆ కర్రను యాష్ చెట్టు మొదలు నుంచి, కాండం వేర్ల వైపు వంపు తిరిగే చోటు నుంచి చేస్తారు. చెక్కలోని చారలు కూడా ఆ వంపుతోపాటే తిరుగుతాయి కాబట్టి వెడల్పాటి కొన గట్టి దెబ్బకు తట్టుకుంటుంది. ఆ కొనను బంతి మీద ఆనించి, మెల్లగా తమ వైపు దొర్లించుకుని, వెంటనే దాని కిందికి జొనిపి పైకి లేపాలి. క్రికెట్ ఆడిన మన పిల్లలు గాలిలోని బంతిని బాగానే కొడతారు గాని, ఈ లేపడం దగ్గరే ఆగిపోతారు. తొందరపెట్టకుండా నాలుగైదు సార్లు ప్రయత్నించనివ్వండి.

గోల్ స్తంభాలు ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారంలో ఉంటాయి. బంతి అడ్డకమ్మీ కింద నుంచి వలలోకి వెళ్తే గోల్, అంటే మూడు పాయింట్లు. పై నుంచి వెళ్తే ఒక పాయింటు. హర్లింగ్ స్కోరు 2-14 అని కనిపిస్తే రెండు గోల్స్, పద్నాలుగు పాయింట్లు, మొత్తం 20 అని చదువుకోవాలి.

అపోహ: ఆటల విభాగం చిన్నపిల్లలకే.

వాస్తవం: కాదు. పెద్దవాళ్లు కూడా కర్ర పట్టుకోవాలి.

అపోహ: మిగిలిన గదుల్లో పాత కప్పులు తప్ప మరేమీ లేవు.

వాస్తవం: ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్ విజేతలకిచ్చే శామ్ మగ్వాయర్ కప్పు, హర్లింగ్ విజేతలకిచ్చే లియమ్ మెకార్థీ కప్పు, రెండింటి అసలు ప్రతులు ఇక్కడే ఉన్నాయి, నిజమే. కానీ 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలోని ఒక హోటల్లో మైకేల్ క్యూసాక్ తదితరులు గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించడం, బ్రిటిష్ పాలన కింద ఉన్న జాతి తన ఆటలను తానే కాపాడుకోవాలనుకున్న సంగతి ఈ గదుల్లోనే ఉన్నాయి. 1920 నవంబరు 21న ఇదే మైదానంలో డబ్లిన్, టిప్పరరీ జట్ల మధ్య గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు జరిపిన కాల్పుల్లో 14 మంది మరణించారు. వారిలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకరు. స్టేడియంలోని హోగన్ స్టాండ్‌కు ఆయన పేరే పెట్టారు. ఈ గదులను ముందు చూసి, తర్వాతే ఆటల వైపు వెళ్లమని అందరికీ చెబుతాను. ఆ పేరు తెలిశాక మైదానాన్ని చూడడం వేరుగా ఉంటుంది.

అపోహ: 82,300 మంది పట్టే స్టేడియంలో ఆడేవారికి కోట్ల జీతాలు ఉంటాయి.

వాస్తవం: వీరికి ఆడినందుకు జీతం లేదు. ఉపాధ్యాయులు, రైతులు, విద్యార్థులు తమ ఊరి క్లబ్బు కోసం, తమ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోసం ఆడతారు. స్టేడియం టూర్‌లో డ్రెస్సింగ్ రూమ్‌లో వరసగా వేలాడే కౌంటీ జెర్సీల ముందు నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

అపోహ: ఏ రోజు వెళ్లినా స్టేడియం లోపల తిరగవచ్చు.

వాస్తవం: మ్యాచ్ ఉన్న రోజుల్లో స్టేడియం టూర్లు ఉండవు. వేసవిలో వచ్చేవారు, ముఖ్యంగా వారాంతాల్లో, మ్యాచ్‌ల తేదీలు చూసుకున్న తర్వాతే టికెట్ తీసుకోవాలి.