సీల్స్ మారిస్తే ఇంజిన్ కొత్తదైపోదు: రోటరీ ఇంజిన్ గురించి అపోహలు – వాస్తవాలు

మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. మజ్దా ఆర్ఎక్స్-8 ఉందట. పిస్టన్లకు బదులు మూడు కొనల రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్ కారు అది. "సీల్స్ కిట్ తెప్పించేశాను. ఇంజిన్ దించి అవి వేసి ఇవ్వడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగాడు. కంప్రెషన్, అంటే లోపల గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటోందన్న అంకె, ఎంత వచ్చిందని అడిగితే తెలియదన్నాడు. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదన్నాడు. వేడెక్కాక స్టార్ట్ కావడం లేదు కాబట్టి సీల్స్ పోయాయని పది మంది చెప్పారట. ఆ పది మందిలో ఒక్కరైనా రోటరీ ఇంజిన్ విప్పి చూసినవారైతే నాకు ఇది రాసే పని ఉండేది కాదు.

ఇలాంటి ఫోన్లు నాకు నెలకు రెండు మూడు వస్తాయి. మనిషి మారతాడు, మాట మారదు. అందుకే అన్ని అపోహలకూ సమానంగా సమయం ఇవ్వను. జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఒకటే ఉంది, దాని దగ్గరే కూర్చుంటాను.

అపోహ: అపెక్స్ సీల్స్ మారిస్తే ఇంజిన్ రీబిల్డ్ అయినట్లే

అపెక్స్ సీల్స్ అంటే రోటర్ కొనల్లోని గాడుల్లో కూర్చుని, లోపలి వాయువు తప్పించుకోకుండా ఆపే సన్నని పట్టీలు. రీబిల్డ్ అంటే ఇంజిన్ విప్పి, అరిగినవి మార్చి మళ్ళీ కట్టడం. ఈ ఆలోచన పిస్టన్ ఇంజిన్ల నుంచి వచ్చింది. అక్కడ రింగులు అరిగితే రింగులు మారుస్తాం. సిలిండర్ కూడా అరిగితే బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తాం. తరాల తరబడి మెకానిక్‌ల చేతికి అలవాటైన దారి అది. రోటరీలో ఆ రెండో దారి మూసుకుపోయి ఉంటుంది. రోటర్ చుట్టూ ఉండే గుల్ల, అంటే రోటర్ హౌసింగ్, లోపలి వైపు గుండ్రంగా ఉండదు, నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే వంపు అది. రోటర్ మూడు కొనలూ ఆ వంపును ఎప్పుడూ అంటుకునే తిరగాలి. ఆ వంపు మీద పలుచని క్రోమ్ పూత ఉంటుంది, సీల్ రాసుకునేది దాని మీదే. దాన్ని బోరు చేసి పెద్దది చేద్దామంటే పూతా పోతుంది, వంపూ పోతుంది. పైగా ఓవర్‌సైజు రోటర్ అనే వస్తువే లేదు.

కాబట్టి సీల్ అనేది అరగడానికే పుట్టిన భాగం. అది దేని మీద అరిగిందన్నదే అసలు ప్రశ్న. రెండు రోటర్ల ఇంజిన్ అంటే రెండు అల్యూమినియం హౌసింగ్‌లు, వాటికి ముందు, మధ్య, వెనుక మూడు ఇనుప పలకలు, వీటన్నిటినీ ఒకదానితో ఒకటి బిగించిపట్టే పొడవాటి బోల్టులు. రీబిల్డ్ చేయాలా, ఇంజినే మార్చాలా అన్నది ఈ ఐదు భాగాలూ రెండు రోటర్లూ తేల్చాలి. సీల్స్ కిట్‌కు అందులో ఓటు లేదు.

నేను చూసే పద్ధతి చెబుతాను. హౌసింగ్‌ను శుభ్రంగా కడిగి, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటాను. నేరుగా చూస్తే ప్రతి హౌసింగూ మెరుస్తూనే ఉంటుంది, అసలు సంగతి ఏటవాలు వెలుతురులోనే బయటపడుతుంది. స్పార్క్ ప్లగ్ రంధ్రాల చుట్టూ, ఆ పక్కన అంచుల వెంట చూస్తాను. పూత లేవడం మొదలైతే కోడిగుడ్డు పెంకు పొరలా చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది, కింద మసకబారిన లోహం కనిపిస్తుంది. అది అంచును దాటి సీల్ నడిచే దారిలోకి వచ్చిందా లేదా అన్నదే నాకు కావాలి. వచ్చిందంటే ఆ హౌసింగ్ మీద వేసిన కొత్త సీల్ గరుకు రాయి మీద లాగిన కత్తి అంచులా అవుతుంది.

తరవాత ఇనుప పలకలు. రోటర్ పక్కల ఉండే సైడ్ సీల్స్ తిరిగిన చోట అద్దంలాంటి చార కనిపిస్తుంది. దాని మీద బొటనవేలి గోరు అడ్డంగా లాగుతాను. గోరు జారిపోతే సంతోషం. తట్టుకుంటే అక్కడ మెట్టు పడినట్టే, దాన్ని కొలవడానికి డయల్ గేజ్ తీస్తాను. మజ్దా పాత కారు ఆర్ఎక్స్-7లో ఉండే 13బి రోటరీ ఇంజిన్లకు కంపెనీ మాన్యువల్‌లో ఈ మెట్టు అరుగుదలకు ఇచ్చిన హద్దు 0.10 మిల్లీమీటరు. ఆ మాత్రానికేనా అని ఆశ్చర్యపోతారు, కానీ ఆ మెట్టు ఎక్కి దిగుతూ సీల్ నిమిషానికి వేలసార్లు ఎగరాలి. పలకను సానబట్టించవచ్చు కదా అంటే, చేసేవారు ఉన్నారు. పైనున్న గట్టి పొర దాంతో పాటే పోతుంది, మళ్ళీ గట్టిపరచకపోతే అరుగుదల త్వరగా వస్తుంది.

ఇక రోటర్. సీల్ కూర్చునే గాడిలో కొత్త సీల్ పెట్టి ఫీలర్ గేజ్‌తో సందు చూస్తాను. గాడి వెడల్పయి ఉంటే కొత్త సీల్ కూడా అందులో ఊగుతూనే ఉంటుంది. బేరింగ్ మీద రాగి రంగు బయటపడిందేమో చూస్తాను. సీల్ విరిగిన ఇంజిన్ అయితే రోటర్ ముఖం మీద దెబ్బలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆర్ఎక్స్-7లో విరిగిన ముక్క ఎగ్జాస్ట్ పోర్టులోంచి బయటికి పోతూ, టర్బో ఉంటే దాన్ని కూడా కొట్టి పోతుంది. ఆర్ఎక్స్-8లో ఉండే రెనెసిస్ అనే ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పోర్టులు పక్క పలకల్లో ఉంటాయి. అంత సులభంగా బయటపడే దారి లేక ముక్క లోపలే నలుగుతుంది.

ఈ పాఠం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన పాత ఆర్ఎక్స్-7 తెచ్చాడు. వెనుక హౌసింగ్ అంచున పూత లేచింది. "ఇప్పటికి సీల్స్ వేసి నడిపించు నాయనా, హౌసింగ్ తరవాత చూద్దాం" అన్నాడు. ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను. ఇంజిన్ చక్కగా స్టార్ట్ అయింది, ఐడిల్ నున్నగా ఉంది, ఇద్దరం మురిసిపోయాం. ఏడాది తిరగకుండానే అదే బండి మళ్ళీ నా ముందు నిలబడింది. విప్పితే కొత్త సీల్స్ ఒక మూల వాలుగా అరిగిపోయి ఉన్నాయి. పూత మరింత ఊడింది. గాస్కెట్లు, నీటి సీల్స్, నా కూలి, ఆయన ఎదురుచూపు అన్నీ రెండోసారి. ఆ కూలి నేను తీసుకోలేదు. ఆ తరవాత ఎవరి ముఖం చూసీ ఆ పని చేయలేదు.

సీల్‌కూ పూతకూ మధ్య గొడవ ఇంజిన్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1967లో మజ్దా తొలి రోటరీ కారు కాస్మో స్పోర్ట్ రాకముందు, ఆ ఇంజిన్‌ను తీర్చిదిద్దిన ఇంజినీరు కెనిచి యమమోటో బృందాన్ని నిద్రపోనివ్వనిది హౌసింగ్ లోపల అలలుగా పడే గీతలే. వాళ్ళు వాటిని దెయ్యపు గోళ్ళ గీతలన్నారు. సీల్ అదురుతూ పోవడం వల్ల పడేవి అవి. అల్యూమినియం కలిపిన కార్బన్ సీల్స్‌తో అప్పటికి గట్టెక్కారు. అదే ఏడాది వచ్చిన జర్మనీ కంపెనీ ఎన్ఎస్‌యూ రోటరీ కారు రో 80కి తొలినాళ్ళలో సీల్స్ అరుగుదల వల్ల వారంటీ కింద ఇంజిన్లు మారుస్తూ పోవాల్సి వచ్చింది. ఆ కారు యజమానులు రోడ్డు మీద ఎదురుపడితే ఎన్నో ఇంజిన్‌లో ఉన్నామో వేళ్ళెత్తి చూపించుకునేవారని చెబుతారు.

మరి చివరికి ఏది మేలు, రీబిల్డా, మార్పా? ఇంజిన్ విప్పకముందు దీనికి ఖాయంగా జవాబు చెప్పేవారిని నమ్మకండి, నాతో సహా. ఐదు భాగాలూ రెండు రోటర్లూ హద్దులో ఉంటే రీబిల్డ్, సందేహమే లేదు. ఒక హౌసింగ్ పోయి మిగతావి బాగుంటే కొత్త హౌసింగ్ కొని రీబిల్డ్. రెండు హౌసింగ్‌లూ పోయి, పలకల్లో మెట్టు పడి, ఒక రోటర్ దెబ్బతిని ఉంటే మాత్రం కాగితం మీద లెక్క వేయండి. విడిభాగాల మొత్తం కంపెనీ పునర్నిర్మించి ఇచ్చే ఇంజిన్‌ను దాటిపోతుంటే మార్చడమే న్యాయం. పాత ఇంజిన్ తిరిగి ఇవ్వాలన్న షరతు ఉంటే, విరిగిన పలకలున్నదాన్ని తీసుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. బండి ఒకసారి బాగా వేడెక్కి ఆగిపోయి ఉంటే అది వేరే కథ. నీటి సీల్ కూర్చునే గాడి గోడ విరిగితే ఆ పలక పనికిరాదు, కంప్రెషన్ అంకెలు ఎంత అందంగా ఉన్నా సరే. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ, కూలెంట్‌లో బుడగలు, ఒక స్పార్క్ ప్లగ్ తడిగా ఉండటం దాని ఆనవాళ్ళు.

అపోహ: మామూలు కంప్రెషన్ గేజ్ చాలు

చాలదు. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు, ఒక్కో ముఖానికీ ఒక్కో అంకె. మామూలు గేజ్ వాల్వు మూడింటిలో పెద్ద అంకెను పట్టుకుని కూర్చుంటుంది, పాడైన ముఖం దాని వెనుక దాక్కుంటుంది. రోటరీ టెస్టర్ ఆరు అంకెలు చూపిస్తుంది, సెల్ఫ్ మోటార్ ఎంత వేగంగా తిప్పిందో కూడా చూపిస్తుంది. ఆ వేగం లేకుండా అంకెలు చెప్పేవారు సగమే చెబుతున్నారు. నిమిషానికి 250 చుట్ల వద్దకు సరిచేసి పోల్చాలి. ఆర్ఎక్స్-8కి ఆ వేగంలో కనీస హద్దు 680 కిలోపాస్కల్స్. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 150 దాటకూడదు, రెండు రోటర్ల మధ్య 100 దాటకూడదు.

అంకెలు కథ కూడా చెబుతాయి. ఒక అపెక్స్ సీల్ పక్కపక్కనున్న రెండు ముఖాల గదులకు ఉమ్మడి గోడ. కాబట్టి రెండు ముఖాలు పడిపోతే వాటి మధ్యనున్న అపెక్స్ సీల్ మీద అనుమానం. ఒక్కటే పడితే సైడ్ సీల్. మూడూ కలిసి తగ్గితే హౌసింగ్ వైపు చూడాలి. ఇది శాసనం కాదు, కానీ చాలాసార్లు నిజమవుతుంది.

బ్యాటరీ నిండుగా ఉండాలి, ఇంజిన్ వెచ్చగా ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి. ఒక కుర్రవాడు ఇంజిన్ చచ్చిపోయిందని దాదాపు ఏడుస్తూ బండిని లాగించుకొచ్చాడు. ఎవరో అతనికి వేరే ఇంజిన్ కూడా బేరం పెట్టేశారు. బ్యాటరీ నీరసంగా ఉంది, ఇగ్నిషన్ కాయిల్స్ రెండు పోయాయి. అవి మార్చి పరీక్షిస్తే ఆరు అంకెలూ హద్దుకు పైనే ఉన్నాయి. అలా కంగారు పడేవారిని నేను తప్పుపట్టను. ఈ బండ్ల గురించి ఎటు చూసినా భయపెట్టే మాటలే వినిపిస్తాయి మరి.

అపోహ: సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వేసుకుంటే తక్కువలో పోతుంది

అదీ ఎవరో వాడిన ఇంజినే కదా. "తక్కువ తిరిగింది" అన్న మాట తప్ప చేతిలో ఏమీ ఉండదు. ఏళ్ళ తరబడి మూలన పడి ఉంటే సీల్స్ గాడుల్లో అతుక్కుపోతాయి, తేమ తగిలిన ఇనుప పలకలు తుప్పు గుంటలు పడతాయి. ఆరు అంకెలూ, తిప్పిన వేగమూ రాసిచ్చిన కాగితం ఉంటే మాట్లాడండి. లేదంటే మీరు కొంటున్నది రీబిల్డ్ చేయాల్సిన ఇంకో ఇంజిన్ అనుకునే ధర కట్టండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఆయిల్ తాగుతోంది కాబట్టి ఇంజిన్ అరిగిందంటారు. రోటరీ ఆయిల్ తాగాలి. సీల్స్ తడిపేందుకు ఇంజినే ఒక పంపుతో కొలిచి లోపలికి పోస్తుంది. అస్సలు తాగడం లేదంటేనే నాకు భయం. ఇంధనం నింపించిన రెండోసారల్లా డిప్‌స్టిక్ చూడండి.

మెల్లగా నడిపితే ఎక్కువ కాలం వస్తుందంటారు. చల్లగా ఉన్నప్పుడు మెల్లగానే నడపాలి, నిజం. బాగా వేడెక్కాక కూడా ముసలి ఎద్దులా నడిపితే లోపల మసి పేరుకుని సీల్స్ బిగుసుకుపోతాయి.

స్టార్ట్ చేసి రెండు అడుగులు కదిపి ఆపేస్తే ఇంధనం ముంచేసి మళ్ళీ స్టార్ట్ కాదు. ఆ ఇంధనం సీల్స్ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కంప్రెషన్ కూడా తాత్కాలికంగా తగ్గి కనిపిస్తుంది. దీన్ని చూసి ఇంజిన్ మార్చినవారు ఉన్నారు.

విరగని సీల్స్ అని అమ్ముతారు. 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసు గెలిచిన మజ్దా 787బిలో సిరామిక్ సీల్స్ వాడారు, కానీ అది రేసు కారు. వీధిలో తిరిగే బండికి మరీ గట్టి సీల్ వేస్తే అది విరగదు, హౌసింగ్‌ను తినేస్తుంది. ఏది ఖరీదో మీకు తెలుసు.

రోటరీ ఇంజిన్ ఇన్ని మైళ్ళకు పోయి తీరుతుందని గీత గీసి చెప్పేవారితో వాదించడం మానేశాను. 2004 నుంచి 2008 వరకు వచ్చిన ఆర్ఎక్స్-8లకు అమెరికాలో మజ్దా ఇంజిన్ కోర్ (రోటర్లు, హౌసింగ్‌ల వంటి లోపలి భాగాల) వారంటీని 8 ఏళ్ళు లేదా 1,00,000 మైళ్ళకు పొడిగించింది. సమస్య లేకపోతే పొడిగించేవారు కాదు. అలాగని ప్రతి ఇంజినూ సగం దారిలో పోతుందని లెక్క వేసుకుని ఏ కంపెనీ అయినా అంత దూరం మాట ఇస్తుందా?

మొన్న ఫోన్ చేసినాయన చివరికి బండి తెచ్చాడు. ముందు రోటర్ మూడు ముఖాలూ 720 దగ్గర వచ్చాయి. వెనుకవి 610, 600, 620. ఇంజిన్ దించి విప్పాం. ముందు హౌసింగ్ నిక్షేపంలా ఉంది, మూడు పలకల మీదా గోరు జారిపోయింది. వెనుక హౌసింగ్‌లో ప్లగ్ రంధ్రం పక్కన వేలిగోరంత మేర పూత లేచిపోయి ఉంది. ఆయన దాన్ని వేలితో తడిమి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒక్క కొత్త హౌసింగ్‌కు ఆర్డర్ ఇచ్చాం.

తను తెప్పించిన కిట్ అట్టపెట్టె అప్పుడు ఇచ్చాడు. తెరిచి చూస్తే అవి పాత 13బి సీల్స్, ఎత్తు ఎక్కువ, రెనెసిస్ రోటర్ గాడిలో కూర్చోవు. ఆ పెట్టె ఇంకా నా అలమరలోనే ఉంది.