కొండల్లో తప్పిపోతే ఖర్చు ఎవరిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, కొండల మధ్య ఉన్న ఒక కౌంటీలో (మన జిల్లాలాంటిది), తొమ్మిదేళ్లుగా నేను సెర్చ్ అండ్ రెస్క్యూ వాలంటీరుగా పనిచేస్తున్నాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, పిలుపు వచ్చినప్పుడు తాళ్లు, స్ట్రెచరు, హెడ్‌ల్యాంపు సర్దుకుని కొండెక్కే మాలాంటివాళ్లు ఈ రాష్ట్రంలో దాదాపు ప్రతి కౌంటీలోనూ ఉన్నారు. ఇక్కడి తెలుగు విద్యార్థుల్లోనూ ఉద్యోగుల్లోనూ 14 వేల అడుగుల శిఖరాలు ఎక్కాలన్న ఉత్సాహం ఈ మధ్య బాగా పెరిగింది, అది నాకు సంతోషమే. అయితే ఆపదలో సహాయం అడిగితే ఎంత ఖర్చవుతుందన్న విషయంలో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు చాలావరకు తప్పు, కొన్ని ప్రమాదకరం కూడా.

అపోహ: అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తే వేల డాలర్ల బిల్లు ఇంటికి వస్తుంది.

రెండేళ్ల కిందట సెప్టెంబరులో ఒక శనివారం నలుగురు తెలుగు విద్యార్థులు శిఖరం ఎక్కి దిగుతుండగా, మధ్యాహ్నం మూడింటికి, వారిలో ఒకమ్మాయి బండరాళ్ల మధ్య జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. మాకు పిలుపు వచ్చింది రాత్రి ఎనిమిదిన్నరకు. ఈలోగా ఇద్దరు ఆమెను చెరో భుజం కింద పట్టుకుని కొంతదూరం దింపారు, మూడోవాడు సిగ్నల్ దొరికిన చోట నిలబడి హెలికాప్టరుకు ఎంతవుతుందో ఫోనులో వెతికాడు. అక్కడ కనిపించిన అంకె చూసి హడలిపోయి, ఎలాగోలా తామే దిగిపోదామని నలుగురూ తీర్మానించుకున్నారు. మేం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ అమ్మాయి ఒంటి మీద పల్చటి జాకెట్టు, దానిమీద స్నేహితుడి చొక్కా, పెదాలు నల్లబడి మాట ముద్దగా వస్తోంది. నేను తెలుగులో పలకరించగానే నా చెయ్యి పట్టుకుని, ‘అన్నా, బిల్లు ఎంతవుతుంది? మా నాన్నకు తెలియకుండా నెలనెలా కట్టుకోవచ్చా?’ అని అడిగింది. ఏమీ కట్టక్కర్లేదమ్మా అని చెప్పాను. కిందకు దిగేదాకా మరో మూడుసార్లు అడిగింది.

వాస్తవం ఏమిటంటే, కొలరాడో చట్టం ప్రకారం గాలింపు, రక్షణ బాధ్యత ఆయా కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫుది, కొండ మీద ఆ పని చేసేది జీతం లేని వాలంటీర్లు, వెతికి కిందకు తెచ్చినందుకు మా టీములు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవు. జాతీయ ఉద్యానవనాలను నడిపే నేషనల్ పార్క్ సర్వీసు కూడా మామూలుగా రక్షణ ఖర్చును సందర్శకుల నుంచి వసూలు చేయదు. 1959లో ఏర్పడిన మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్‌లో మాలాంటి టీములు సభ్యులు. బిల్లు భయంతో జనం పిలవడం ఆలస్యం చేస్తారన్న కారణం మీదే ఆ సంఘం ఏళ్ల తరబడి ఇలాంటి వసూళ్లను వ్యతిరేకిస్తోంది.

ఆలస్యం చేస్తే ఖర్చు తగ్గుతుందనుకోవడం ఎంత తప్పో ఆ రాత్రి లెక్క చెబుతుంది. మూడింటికే పిలిచి ఉంటే పగటి వెలుతురులో, పొడి దారిలో, పదిమంది వెళ్లి చీకటి పడేలోపు దింపేసేవాళ్లం. అర్ధరాత్రి, మంచు పట్టిన రాళ్ల మీద, ఒళ్లు చల్లబడిపోయిన మనిషిని దించడానికి ఇరవై ఇద్దరం కావలసివచ్చింది. స్ట్రెచరు కింద ఒంటిచక్రం బిగించి, ఆరుగురు పట్టుకుని వంద అడుగులు నడిచి, చేతులు మార్చుకుని, మళ్లీ వంద అడుగులు నడిచి, నడకదారి మొదలయ్యే ట్రెయిల్‌హెడ్ దగ్గరకు చేరేసరికి తెల్లవారుజామున ఐదున్నరైంది.

అపోహ: హెలికాప్టర్ ఎక్కితే అప్పులపాలే.

హెలికాప్టర్లన్నీ ఒకటి కావు. కొలరాడోలోనే జిప్సమ్ అనే ఊళ్లో ఆర్మీ నేషనల్ గార్డు అనే సైనిక రిజర్వు దళానికి ఎత్తైన ప్రాంతాల్లో హెలికాప్టర్ నడపడం నేర్పే శిక్షణ కేంద్రం ఉంది. తాడుతో మనిషిని పైకి లాగాల్సిన కష్టమైన చోట్లకు అక్కడి హెలికాప్టర్లే వస్తాయి, రక్షించిన మనిషికి బిల్లు రాదు. కొండ నుంచి ఆసుపత్రికి తీసుకువెళ్లే ఎయిర్ అంబులెన్స్ వేరు. అది వైద్య సేవ, దానికి బిల్లు వస్తుంది, వేల డాలర్లలోనే వస్తుంది. ఆ కుర్రాడికి ఫోనులో కనిపించిన అంకె దీనిదే. అయితే 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల, ఆరోగ్య బీమా ఉన్నవారి మీద వారి బీమా నెట్‌వర్క్‌లో లేని (బీమా కంపెనీతో ఒప్పందం లేని) ఎయిర్ అంబులెన్స్ కంపెనీలు బీమా ఇచ్చింది పోను మిగతా మొత్తాన్ని రుద్దడానికి వీల్లేదు, పాలసీ ప్రకారం రోగి తన జేబులోంచి పెట్టుకోవలసిన వాటా (కో-పే, డిడక్టబుల్) కట్టుకుంటే చాలు. విచిత్రమేమిటంటే రోడ్డు మీద వెళ్లే అంబులెన్సుకు ఆ చట్టం వర్తించదు. కాబట్టి మీరు చూసుకోవలసిన కాగితం మీ యూనివర్సిటీ లేదా ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా పాలసీ, అది కూడా కొండకు బయలుదేరే ముందు.

అపోహ: కోర్సార్ కార్డు కొంటే ఇన్సూరెన్స్ చేయించినట్టే.

గాలింపు, రక్షణ పనులకు తోడ్పాటుగా కొలరాడో రాష్ట్రం అమ్మే కార్డు ఇది. ఏడాదికి 5 డాలర్లు, ఐదేళ్లకు 20 డాలర్లు పెట్టి కొనే ఈ కార్డు బీమా కాదు, అంబులెన్సు ఖర్చు ఇవ్వదు, కార్డు లేనివాళ్లను మేం కొండ మీద వదిలేసి రాము. ఆ డబ్బు రాష్ట్ర నిధికి చేరి, అక్కడి నుంచి టీములకూ షెరీఫులకూ అయిన ఖర్చుల కింద తిరిగి వస్తుంది.

అపోహ: బిల్లు వేస్తేనే జనానికి బుద్ధి వస్తుంది.

నాతో ఎక్కువమంది వాదించేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో రక్షణ బాధ్యత వేట, చేపల వ్యవహారాలు చూసే ఫిష్ అండ్ గేమ్ శాఖది. తెగించి ప్రమాదంలో పడినవారి నుంచి ఖర్చు రాబట్టే అధికారం మొదట ఆ శాఖకు ఉండేది. 2008లో చట్టం మార్చి, అజాగ్రత్తగా ఉంటే చాలు వసూలు చేయవచ్చన్నారు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 17 ఏళ్ల స్కౌట్ కుర్రాడొకడు మౌంట్ వాషింగ్టన్ పరిసరాల్లో ఒంటరిగా నడుస్తూ చీలమండ బెణికించుకుని, దగ్గరిదారి అనుకుని వేరే దారి పట్టి, మంచులో మూడు రాత్రులు గడిపి ప్రాణాలతో బయటపడ్డాడు. తర్వాత అతనికి 25 వేల డాలర్లు దాటిన బిల్లు వెళ్లింది. పొరుగు రాష్ట్రం నుంచి హెలికాప్టర్ తెప్పించాల్సి రావడం వల్లే అందులో పెద్ద భాగం పెరిగింది. హెలికాప్టర్ ఎక్కడి నుంచి వస్తుందో నిర్ణయించింది ఆ కుర్రాడు కాదుగదా! ఇంకో కేసులో, తుంటికి పలుమార్లు ఆపరేషన్ అయిన ఒక వ్యక్తి వాన గాలిలో ఒంటరిగా శిఖరాల మీద నడుస్తూ తుంటి జారి కూలబడ్డాడు, 9 వేల డాలర్ల పైచిలుకు బిల్లు మీద కోర్టుకెక్కాడు, 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు శాఖ పక్షానే తీర్పిచ్చింది.

అజాగ్రత్తపరులు లేరని నేను అనడం లేదు. 2021 అక్టోబరులో మా రాష్ట్రంలోనే ఎత్తైన మౌంట్ ఎల్బర్ట్ మీద తప్పిపోయిన ఒకాయన కోసం రాత్రీ, మర్నాడు పొద్దున్నా వెతికితే, ఆయన తనంతట తానే తిరిగివచ్చి, ఫోను మోగుతూనే ఉంది కానీ తెలియని నంబరని ఎత్తలేదని చెప్పాడు. అలాంటివారిని చూస్తే నాకూ కోపం వస్తుంది. కానీ బిల్లు బెదిరింపు పనిచేసేది ఎప్పుడో చూడండి. ఉదయం ఇంట్లో షూ లేసులు కట్టుకునేటప్పుడు ఏ మనిషీ తన గురించి అలాంటి బిల్లును ఊహించుకోడు, అందుకే అదనపు జాకెట్టు సంచీలో పడదు. సాయంత్రం కాలు విరిగి, ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం ఆ అంకె కచ్చితంగా గుర్తుకు వస్తుంది. అప్పటికి అది ఆపగలిగేది ఆ ఒక్క ఫోన్ కాల్‌నే. ఒరెగాన్ చట్టం తగిన జాగ్రత్త తీసుకోనివారి నుంచి మనిషికి 500 డాలర్లకు మించకుండా రాబట్టవచ్చని పరిమితి పెట్టింది, వసూలు తప్పదనుకుంటే ఆ పద్ధతి కాస్త నయం. కావాలని అబద్ధపు పిలుపు చేసేవారి సంగతి వేరు, వారిని శిక్షించాల్సిందే.

అపోహ: కొండలెక్కేవాళ్ల సరదాకు మిగతావాళ్లు డబ్బు కట్టాల్సి వస్తోంది.

ఇందులో నిజం కొంత ఉంది, అయితే అది జనం అనుకునే చోట లేదు. కొలరాడో నిధికి ఏళ్ల తరబడి డబ్బు వచ్చింది వేట, చేపల లైసెన్సుల మీదా, పడవలు, స్నోమొబైళ్ల రిజిస్ట్రేషన్ల మీదా ఒక్కోదానికి పావు డాలరు చొప్పున వేసిన రుసుము నుంచి. న్యూ హ్యాంప్‌షైర్‌లోనూ అలాంటి రుసుమే ఉంది. మేం ఎక్కువగా మోసుకొచ్చేది మాత్రం లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ అవసరం లేని నడకదారులవాళ్లను. అంటే చేపలు పట్టే ఆయన కట్టిన పావలాతో శిఖరం మీది కుర్రాడిని దింపుతున్నామన్న మాట. వేటగాళ్లు ఈ విషయమై గొణగడంలో అన్యాయమేమీ నాకు కనిపించదు. 2023 నుంచి కొలరాడోలో కారు రిజిస్ట్రేషన్‌తో పాటే రాష్ట్ర పార్కుల్లోకి ప్రవేశానికి 29 డాలర్ల పాస్ చేర్చి, వద్దనుకున్నవారు తీసేయించుకునేలా పెట్టి, ఆ రాబడి నుంచి రక్షణ టీములకూ వాటా కేటాయించారు. ఎవరికి ఆపద వస్తుందో ముందుగా తెలియని చోట, అందరి దగ్గరా కొద్దికొద్దిగా ముందే తీసుకోవడమే సరైన పద్ధతని నా అభిప్రాయం.

అపోహ: స్విట్జర్లాండ్‌లో వసూలు చేస్తున్నారుగా, ఇక్కడ చేస్తే తప్పేమిటి?

అక్కడ బిల్లు వేసేది నిజమే. కానీ ఉద్యోగులందరికీ ప్రమాద బీమా తప్పనిసరిగా ఉండే దేశమది. పైగా 1952లో మొదలైన రేగా అనే హెలికాప్టర్ సంస్థకు లక్షలమంది ఏటా ఓ చిన్న చందా కడతారు, వారికి బీమా ఇవ్వని ఖర్చును ఆ సంస్థ మాఫీ చేయగలదు. అంటే అక్కడా ముందే అందరూ కలిసి కట్టుకున్నారు. పక్కనే ఉన్న ఫ్రాన్సులో పర్వతాల మీద ప్రభుత్వ దళాలు ఉచితంగా రక్షిస్తాయి, స్కీ మైదానాల్లో మాత్రం డబ్బు తీసుకుంటారు. ఇక ప్రతి హెలికాప్టర్ ప్రయాణానికీ బీమా కంపెనీ డబ్బిచ్చే నేపాల్‌లో, అవసరం లేకపోయినా ట్రెక్కర్లను హెలికాప్టర్ ఎక్కించి బీమా సొమ్ము కాజేస్తున్నారన్న ఆరోపణల మీద 2018లో ప్రభుత్వమే విచారణ జరిపించాల్సి వచ్చింది. ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు వెళ్లే మనవాళ్లు పాలసీ తీసుకోవడం ఎంత అవసరమో, కొద్దిపాటి తలనొప్పికే హెలికాప్టర్ ఎక్కమని తొందరపెట్టే గైడు విషయంలో జాగ్రత్తగా ఉండటమూ అంతే అవసరం.

మా దగ్గరికి వస్తే, రాష్ట్ర నిధిలో ఏడాది చివర మిగిలిన డబ్బు టీములకు పరికరాల కోసం గ్రాంటుగా వస్తుంది. ఆ సెప్టెంబరు రాత్రి దిగువ మలుపు దగ్గర బండకు తగిలి మా స్ట్రెచరు చక్రం వంకరపోయింది. కొత్తది ఆ గ్రాంటుతోనే కొన్నాం.